నమ్మకాలు వేరైనా ఒకే బంతిలో కూర్చోగలమా?

సైదాబాద్ టీచరమ్మ (శనివారం రాత్రి)

అందరికీ నమస్కారం. మా వీధిలోని నాలుగైదు అపార్ట్‌మెంట్ల వాళ్ళం నెలకో ఆదివారం మా సెల్లార్‌లో కలిసి భోజనం చేస్తాం. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, ఒక జైన కుటుంబం, ఏ దేవుణ్ణీ నమ్మని ఇద్దరు కుర్రవాళ్ళు ఉన్నారు. ఇంటికో వంటకం తెస్తాం. ఇన్నాళ్ళూ సంతోషంగానే సాగింది.

పోయిన వారం ఒక ముడి పడింది. పై అంతస్తు మామ్మగారు సత్యనారాయణ వ్రతం చేసుకుని అందరికీ ప్రసాదం పంచారు. పక్క బ్లాకు క్రైస్తవ కుర్రాడు రెండు చేతులూ జోడించి "వద్దు మామ్మగారూ, మేం తీసుకోం" అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ప్రసాదం కాదన్న ఇంటితో కూర్చుని ఎలా తినడం అని ఆవిడ. విశ్వాసం వదులుకుంటేనే కలుపుకుంటారా అని ఆ కుర్రాడి తల్లి. ఇద్దరికీ వంతపాడేవాళ్ళు తయారయ్యారు. వచ్చే నెల భోజనం ఉంటుందా అని అనుమానంగా ఉంది.

నాదొకటే పట్టుదల. ఎదుటి మనిషి ఏం నమ్మినా, ఏదీ నమ్మకపోయినా, వాళ్ళ మీద మన ప్రేమ తగ్గకూడదు. "నాలా ఉంటే" అని మొదలయ్యే ప్రేమతో కాలనీ నిలబడదు. కానీ రోజువారీ బతుకులో దాన్ని నిలబెట్టుకోవడం ఎలా? మీ బస్తీల్లో ఎలా చేసుకుంటున్నారో చెప్పండి.

చిక్కడపల్లి శాస్త్రి

టీచరమ్మ గారూ, మీ మామ్మగారి బాధ ఎక్కడినుంచి వచ్చిందో ముందు చూడాలి. సత్యనారాయణ కథ ఐదో అధ్యాయంలో తుంగధ్వజ మహారాజు వేటకెళ్ళి, చెట్టు కింద గొల్లలు వ్రతం చేసుకుంటుంటే చూస్తాడు. వాళ్ళు తెచ్చి పెట్టిన ప్రసాదాన్ని తినకుండా వదిలేసి వెళ్తాడు. కొడుకుల్నీ సంపదనీ పోగొట్టుకుంటాడు. ఆవిడ ఈ కథ చిన్నప్పటినుంచీ వింటూ వచ్చిన మనిషి. ఆ కుర్రాడికి ఏం కీడు జరుగుతుందోనని ఆవిడ భయం. అది కోపంలా బయటికొచ్చింది.

ఆవిడకు ఒక మాట గుర్తుచేయండి. రాజు చేసిన తప్పు గర్వం. గొల్లలు తనకంటే తక్కువవాళ్ళని వాళ్ళ చేతిది ముట్టలేదు. చేతులు జోడించి వద్దన్న పిల్లాడిలో ఆ గర్వం ఎక్కడుంది? ఆ కథ చెప్పే పురోహితుణ్ణే అడగమనండి, ఆయనా ఇదే చెబుతారు.

నారాయణగూడ క్వయర్

శాస్త్రి గారూ, ఈ కథ నాకు తెలియదు. చెప్పినందుకు కృతజ్ఞతలు. మా క్రైస్తవుల వైపు సంగతి నేను చెప్తాను. బైబిల్లో, కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో 8, 10 అధ్యాయాలు చాలావరకు ఈ గొడవ గురించే. విగ్రహాలకు అర్పించింది తినవచ్చా లేదా అని అప్పటి సంఘంలోనే వాదన జరిగింది. భోజనం మనల్ని దేవుడికి దగ్గర చేయదని పౌలు అంటూనే, ఎదుటివాడి మనస్సాక్షికి దెబ్బ తగలనివ్వొద్దంటాడు. మాలో కొందరు తీసుకుంటారు, ఎక్కువమంది తీసుకోరు. తీసుకోనివాళ్ళు మీ దేవుణ్ణి అవమానించాలని అలా చేయరు. ఇంకొకరిని ఆరాధించినట్టు అవుతుందేమోనని వాళ్ళ భయం.

రెండు భయాలు ఎదురుపడ్డాయి, అంతే కదా. మా పక్కింటి వదిన నాకోసం ఒక పని చేస్తుంది. పులిహోర కలిపే రోజు మాకు వేరే గిన్నెలో కలిపి, దేవుడి గదిలోకి తీసుకెళ్ళకుండా నేరుగా మా ఇంటికి పంపుతుంది. మా పిల్లలు లొట్టలేసుకుని తింటారు. క్రిస్మస్‌కి మా కేకులో గుడ్డు ఉంటుందని ఆవిడకు నేను గుడ్డు లేకుండా చేసి ఇస్తాను.

చిక్కడపల్లి శాస్త్రి

వేరే గిన్నె అన్నది చాలా మంచి మాట. నైవేద్యానికి వండినదాంట్లోంచి ముందే తీసి పెడితే మా వాళ్ళు ఒప్పుకోరు, నివేదన కాకుండా ముట్టకూడదు. వేరుగా వండితే ఎవరికీ ఇబ్బంది లేదు. మామ్మగారికి చెప్పేటప్పుడు ఈ తేడా చెప్పండి, ఆవిడ వెంటనే అందుకుంటారు.

కూకట్‌పల్లి రావు

నా అభిప్రాయం కొంచెం వేరు. ఇంత తంటా ఎందుకు? ఎవరింట్లో వాళ్ళు ఉంటే సరిపోతుంది. గౌరవం ఉంటే చాలు, ప్రేమ ఎందుకు? ప్రేమ అనేసరికి ఆశలు, అలకలు. లిఫ్టులో నమస్కారం పెట్టుకుంటే కాలనీ హాయిగా నడుస్తుంది.

బోయినపల్లి సిస్టర్

రావు గారూ, నేను నర్సుని. రాత్రి రెండింటికి ఆస్పత్రిలో ఎవరైనా పోతే ఏం జరుగుతుందో రోజూ చూస్తాను. అంబులెన్స్ మాట్లాడాలి, ఊళ్ళో అన్నదమ్ములకు ఫోన్లు చేయాలి, ఇంట్లో పిల్లల దగ్గర ఎవరో ఒకరు పడుకోవాలి. ఆ వేళకి వచ్చేది లిఫ్టులో నమస్కారం పెట్టినవాళ్ళు కారు. మన వంటింట్లో టీ పొడి డబ్బా ఎక్కడుంటుందో తెలిసినవాళ్ళు వస్తారు. పిల్లలు విదేశాల్లో ఉన్న ముసలివాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్ళకి గౌరవం చాలదండి.

నల్లకుంట హేతువాది

నేను ఏ దేవుణ్ణీ నమ్మను. ఇలాంటి భోజనాలకు నన్నూ పిలుస్తారు. పిలిచి, మొదట అందరూ చేతులు జోడించమంటారు. అక్కడే నేను బయటివాణ్ణి అయిపోతాను. అన్ని మతాలూ ఒక్కటే అన్నప్పుడు మతం లేనివాడు ఎక్కడ నిలబడాలి?

నాస్తిక ఉద్యమం నడిపిన గోరా (గోపరాజు రామచంద్రరావు) గారి సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. నాస్తికత్వం వల్ల కాలేజీ ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1944 నుంచి గాంధీ గారితో ఆయనకు స్నేహం. ఒకరు నిలువెల్లా దేవుణ్ణి నమ్మిన మనిషి, ఇంకొకరు దేవుడే లేడనే మనిషి. గోరా గారు తన కూతుర్ని దళిత యువకుడికి ఇవ్వాలనుకుంటే, సేవాగ్రామ్ ఆశ్రమంలోనే ఆ పెళ్ళి చేద్దామన్నారు గాంధీ. ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు చెప్పించడానికీ ఒప్పుకున్నారు. పెళ్ళి 1948 మార్చిలో జరిగింది. అప్పటికి గాంధీ గారు లేరు. కానీ మాట నిలిచింది.

గాంధీ తన నమ్మకంలో ఒక్క అంగుళం తగ్గలేదు. గోరా గారూ తగ్గలేదు. నాకు కావలసింది అంతే. మీరు ప్రార్థన చేసుకోండి, నేను పక్కన మౌనంగా నిలబడతాను. నా చేత చేతులు జోడించకండి. తర్వాత వడ్డన నాకు వదిలేయండి.

యాకుత్‌పురా భాయ్

సలాం అందరికీ. నా తెలుగు బడిలో నేర్చుకున్న తెలుగు, తప్పులుంటే సర్దుకోండి. 2023 సెప్టెంబర్ 28న గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ (ప్రవక్త పుట్టినరోజు) ఒకే రోజు పడ్డాయి. ఊరంతా ఏమవుతుందో అని గుబులు. మా పెద్దలు కూర్చుని మాట్లాడుకుని మిలాద్ జులూస్‌ని (ఊరేగింపుని) అక్టోబర్ 1కి జరిపారు. 2024లో కూడా దగ్గర దగ్గరగా వస్తే నిమజ్జనం సెప్టెంబర్ 17న, మా జులూస్ 19న. ఇంట్లో కుర్రాళ్ళు కొంచెం చిన్నబుచ్చుకున్నారు, పండగ నాడు జులూస్ లేకపోతే ఎలా అని. నాన్న ఒక్కటే అన్నారు: ప్రవక్త మీద ప్రేమ రెండు మూడు రోజులు ఆగితే తగ్గిపోతుందా?

మొహర్రంలో బీబీ కా ఆలం (పవిత్ర ధ్వజం) చూడటానికి దబీర్‌పురా వచ్చేవాళ్ళలో హిందువులు ఎంతమంది ఉంటారో నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. ధట్టీలు (మొక్కు గుడ్డలు) తెచ్చి కట్టి దండం పెట్టుకుంటారు. ఎవరూ ఆపరు.

నూర్‌బాషా అబ్బాయి

భాయ్ చెప్పినవి గొప్ప విషయాలు. కానీ పండగలప్పుడూ వరదలప్పుడూ ప్రేమ చూపడం తేలిక. 2020 అక్టోబర్ వానలకు హఫీజ్‌బాబా నగర్, అల్ జుబైల్ కాలనీ మునిగినప్పుడు మేమంతా అన్నం పొట్లాలు మోశాం. బొట్టు పెట్టుకున్నవాళ్ళూ టోపీ పెట్టుకున్నవాళ్ళూ నడుంలోతు నీళ్ళలో పక్కపక్కన నడిచాం. ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ గుండె నిండిపోతుంది.

తర్వాత నేను అద్దె ఇల్లు వెతుక్కున్నాను. మాది గుంటూరు వైపు నుంచి వచ్చిన నూర్‌బాషా ముస్లిం కుటుంబం, ఇంట్లో తెలుగే. ఫోన్లో నా మాట విని రమ్మంటారు. అడ్వాన్సు, మెయింటెనెన్సు, నీళ్ళ సంగతి అన్నీ చెప్తారు. పేరు చెప్పగానే "నిన్ననే వేరేవాళ్ళకు ఇచ్చేశాం బాబూ" అంటారు. మా ఆవిడ నిండు చూలాలు అప్పుడు. చివరికి ఒక వైష్ణవ కుటుంబం ఇచ్చింది. "మాంసం వండుకుంటాం అండీ" అని ముందే చెప్పాను. "మీ వంటింట్లో మీరేం వండుకుంటే మాకెందుకు, పాపాయి పుట్టాక మెట్ల మీద జాగ్రత్త" అన్నారు ఆ అమ్మగారు.

టీచరమ్మ గారూ, మీ భోజనాలు బాగుండాలని మనసారా కోరుకుంటున్నాను. దాంతోపాటు మీ వీధిలో టు-లెట్ బోర్డు పెట్టినవాళ్ళతో ఒకసారి మాట్లాడండి. మీ బంతిలో కూర్చోవాలంటే ముందు ఆ వీధిలో మాకు ఇల్లు దొరకాలి.

సైదాబాద్ టీచరమ్మ

బాబూ, మీరు చెప్పింది చదివి లేచి వెళ్ళి మా ఆయనకు వినిపించాను. మా బిల్డింగులో రెండు ఫ్లాట్లు ఖాళీగా ఉన్నాయి. ఈ ఆదివారం ఓనర్లతో మాట్లాడతాం.

రాంనగర్ అన్న

టీచరమ్మా, జెర నా మాట గూడ ఇనుండ్రి. మా ఇంట్ల మేం బోనం ఎత్తుతం. మా పెదనాయినోళ్ళు చర్చికి పోతరు. ఊర్ల పీర్ల పండుగకు పీరు ఎత్తింది మా తాత. మాకు మతం తేడా ఏనాడూ కష్టం కాలే, ఒక్కింట్లనే అన్నీ ఉన్నయి. కష్టం ఏడొచ్చిందంటే, ఏ దేవుణ్ణి మొక్కినా మా గ్లాసు ఏరే ఉండె. 1950 సంవత్సరంల వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు తోని క్రైస్తవంలకు పోయినోళ్ళకు ఎస్సీ హోదా లేకుండ పోయింది. అంటే మా పెదనాయిన కొడుకు, నేను, ఒక్క తాత మనుమలం, కాయితం మీద ఏరేరు. కులం మాత్రం చర్చి గేటు దాక వచ్చి ఆగలే, లోపటికి గూడ వచ్చింది.

ఇదే హైదరాబాద్‌ల మా దళితుల నాయకుడు భాగ్యరెడ్డి వర్మ గారు 1906ల జగన్ మిత్ర మండలి పెట్టిండ్రు. హరికథలు చెప్పించి జనాన్ని జమ చేసిండ్రు, పిల్లలకు బడులు పెట్టిండ్రు. మమ్మల్ని మనుషుల లెక్క చూడుండ్రి అని అడగనీకె ఆయన జిందగీ మొత్తం పోయింది.

మరి బంతిల కూర్చుందాం అంటున్నరు. సంతోషం. కానీ అందరికీ నడుస్తదని ప్రతిసారి శాకాహారమే పెడితే, ప్రతిసారి తగ్గేది ఎవరు? మా ఇంట్ల బోటి కూర వండుతం, పెద్దకూర వండుతం. అది తెచ్చుడు కాదు, దాని పేరు జెప్పనీకె గూడ మా పిల్లలు సిగ్గుపడుతున్నరు. ఆ సిగ్గు పోవాలె.

సిక్ ఛావనీ

రాంనగర్ అన్నా, నమస్తే. మా పూర్వీకులు మహారాజా రంజిత్ సింగ్ పంపిన లాహోరీ ఫౌజుతో ఈ ఊరికి వచ్చినవాళ్ళు. ఇక్కడే పుట్టాం, తెలుగు మాట్లాడతాం. గురుద్వారాలో అందరికీ పెట్టే లంగర్‌లో మేం శాకాహారమే పెడతాం. మాంసం చెడ్డదని కాదు, మాలో తినేవాళ్ళు చాలామంది. హలాల్ చేసిన మాంసం మా సిక్కు నియమాల్లో నిషిద్ధం, ముస్లిం సోదరులకు అది తప్పనిసరి, కొందరికి అసలు వద్దు. ఎవరూ లేచిపోకూడదని పప్పు, రొట్టె. కానీ మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. మీ ఇంటికి పిలిస్తే మీరు వండినదాంట్లో నాకు కుదిరింది తింటాను, కుదరనిది వదిలేస్తాను, ముఖం చిట్లించను.

చిక్కడపల్లి శాస్త్రి

రాంనగర్ అన్నగారూ, మీకు జవాబు చెప్పాల్సింది నాబోటి వాడే. నేను బయట వండినది తినను. అది నా ఆచారం. ఈ వయసులో మార్చుకోను. ఈ ఆచారం పేరుతోనే మీ పెద్దల్ని గడప బయట నిలబెట్టారు. అది పాపం. దానికి వేరే పేరు పెట్టను. మీరు అడిగిన బంతిలో నాకు చోటుందా?

రాంనగర్ అన్న

అయ్యా, మీ ఆచారం మీ నోటి కాడికే అయితే నాకేం అభ్యంతరం లేదు. నేను పక్కన కూర్చుంటే లేస్తరా? నేను ఇచ్చిన నీళ్ళు పారబోస్తరా? అది చెప్పుండ్రి.

చిక్కడపల్లి శాస్త్రి

లేవను. మీ పక్కనే కూర్చుంటాను. అరటిపండు మీరు ఒలిచి ఇస్తే తింటాను. నీళ్ళు మీ చేత్తో పోయండి, తాగుతాను.

రాంనగర్ అన్న

గట్లయితే రాండ్రి. మీకు జాగ నేనే పడతా.

మల్కాజిగిరి మూర్తి

అందరూ మంచి మాటలే చెబుతున్నారు. ఒక ప్రశ్న అడగక తప్పదు. నారాయణగూడ సోదరి గారూ, మీ ప్రేమ వెనక మమ్మల్ని మార్చాలన్న ఆశ లేదా? 1914 నుంచి 1924 దాకా మెదక్ చర్చి కట్టినప్పుడు కరువులో ఉన్నవాళ్ళకు పని ఇచ్చి అన్నం పెట్టారని మీరే గొప్పగా చెప్పుకుంటారు. అన్నం వెనక మతం ఉంటే అది షరతు కాదా?

నారాయణగూడ క్వయర్

మూర్తి గారూ, సూటిగా అడిగారు, సూటిగానే చెప్తాను. నేను నమ్మింది నిజమని నమ్ముతాను. నాకు ప్రియమైనవాళ్ళకు అది తెలియాలన్న కోరిక ఉంది. లేదని చెబితే అబద్ధం. మీకూ మీ దారి మీద అంతే ప్రేమ ఉంటుంది కదా. కానీ మా పక్కింటి వదిన "నాకు యేసు గురించి చెప్పకు" అంది. చెప్పలేదు, చెప్పను. ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయితే ఇంటి పని అంతా నేనే చూసుకున్నాను. ఆవిడ మంచం పక్కన శుక్రవారం దీపం వెలిగించాలంటే ఒత్తి చేసి, నూనె పోసి, అందించాను. వెలిగించింది ఆవిడే.

మెదక్‌లో కరువులో అన్నం తిన్నవాళ్ళందరూ బాప్తిస్మం తీసుకోవాలన్న నిబంధన ఉంటే అది తప్పే అంటాను. కడుపు కాలుతున్నవాడి చేతిలో అన్నంతోపాటు ఇంకేం పెట్టినా వాడు కాదనలేడు. ఆ విషయం మేం ఎప్పుడూ గుర్తుపెట్టుకోవాలి. ఏ మతం సేవ చేసినా ఇది వర్తిస్తుంది.

మల్కాజిగిరి మూర్తి

మీ జవాబు నిజాయితీగా ఉంది. నా అనుమానం పూర్తిగా పోలేదు, కానీ మీతో కూర్చుని తినడానికి అది అడ్డం కాదు.

తార్నాక తల్లి

ఇంతసేపూ చదువుతున్నాను. నేను రాయాలా వద్దా అనుకున్నాను. మాది మతాంతర వివాహం. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకున్నాం. ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు. ఆ నెల రోజులు ఎలా గడిచాయో మాటల్లో చెప్పలేను. ముగ్గురు సాక్షులు కావాలి. మా ఇళ్ళనుంచి ఒక్కరూ రాలేదు. సంతకాలు పెట్టింది మా వీధిలోవాళ్ళు. అందులో ఒకాయన "నేనైతే మా అమ్మాయికి ఇలాంటి పెళ్ళి చేయను, కానీ నువ్వు ఒంటరిగా నిలబడకూడదు" అని చెప్పి మరీ సంతకం పెట్టారు. ఆయన ఒప్పుకోకపోవడమూ ఆయన ప్రేమా రెండూ నిజమే. ఈ రోజుకీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను.

ఇక్కడ ఒక సంగతి తేల్చుకోవాలి. ప్రేమకు షరతు లేదు అంటే ఎవరేమన్నా పడి ఉండాలని కాదు. మా అమ్మ నా భర్తను, అతని మతాన్ని పిల్లల ముందు తిట్టేది. అమ్మ మీద నా ప్రేమ ఒక్క పిసరు తగ్గలేదు. ప్రతి నెలా వెళ్ళి మందులు ఇచ్చి, కాళ్ళు పట్టి వస్తాను. కానీ తిట్టినన్నాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళలేదు. "తిట్టకు అమ్మా, అప్పుడు తీసుకొస్తా" అని చెప్పాను. ఇప్పుడు తిట్టదు. మా పెద్దది అమ్మమ్మ దగ్గర జడ వేయించుకుంటోంది. అమ్మ మనసు లోపల మారిందో లేదో నేను అడగలేదు.

మీ కాలనీలోనూ అంతే చేయండి టీచరమ్మ గారూ. ఎవరు ఏం నమ్మినా రావచ్చు. అక్కడ ఎవరినీ, ఎవరి దేవుణ్ణీ, ఎవరి తిండినీ కించపరచకూడదు. అలా మాట్లాడినవాళ్ళను ఆ పూటకు ఇంటికి పంపండి. మర్నాడు పొద్దున్నే వాళ్ళ తలుపు తట్టేది కూడా మీరే కావాలి.

కూకట్‌పల్లి రావు

ప్రేమ అనే మాట నాకింకా పెద్దదిగానే అనిపిస్తోంది. అయినా మా బ్లాకులో ఒంటరిగా ఉండే పెద్దాయన ఫోన్ నంబరు ఈ రోజు తీసుకున్నాను. నాదీ ఇచ్చాను.

సైదాబాద్ టీచరమ్మ (మంగళవారం సాయంత్రం)

మామ్మగారి దగ్గరికి వెళ్ళాను. శాస్త్రి గారు చెప్పిన తుంగధ్వజుడి మాట చెప్పాను. చాలాసేపు ఆలోచించి, "వాడికి కీడు రాదంటావా?" అని అడిగారు. "రాదు మామ్మగారూ" అన్నాను. వేరే గిన్నె సంగతి కూడా నచ్చింది. ఆ కుర్రాడి తల్లి మాత్రం ఇంకా మెత్తబడలేదు, ఆవిడకు ఇంకొంత సమయం కావాలి. తొందరపెట్టను.

వచ్చే భోజనానికి అనుకున్నవి ఇవి. ప్రార్థన చేసేవాళ్ళు తినేముందు వాళ్ళ చోట వాళ్ళు చేసుకుంటారు, అందరిచేతా చేయించం. సెల్లార్‌లో శాకాహారం. ఏడాదిలో కొన్ని నెలలు ఇళ్ళల్లో భోజనాలు, ఎవరింటి వంట వాళ్ళింటి తీరు, పిలిచినవాళ్ళు ఏం వండారో ముందే చెబుతారు. మొదటి పిలుపు రాంనగర్ నుంచి వచ్చింది!

బేగంబజార్ కోడలు

టీచర్ గారూ, నేను మీ వీధిలోనే ఉన్నాను, మీకు తెలుసు. మేం జైనులం, మా అత్తగారు సూర్యాస్తమయం తర్వాత ఏమీ తినరు. మామూలు నెలల్లో మధ్యాహ్నం కాబట్టి ఇబ్బంది లేదు. రంజాన్ నెలలో మీరు భోజనాన్ని ఇఫ్తార్‌కి మారుస్తారు కదా. అప్పుడు రోజా (ఉపవాసం) ఉన్నవాళ్ళు పొద్దు గూకాకే తినాలి, మా అత్తగారు పొద్దు గూకకముందే తినాలి. ఒక్కసారి కూర్చునే దారి లేదు. ఆవిడ రావడం మానేస్తానంటున్నారు.

యాకుత్‌పురా భాయ్

బెహన్, నేను మీ వీధివాణ్ణి కాను, అయినా చెప్తాను. మా పెద్దమ్మ ఇంట్లో ఇదే సమస్య వచ్చింది, పక్కింట్లో జైనులు. ఆ జైనుల ఇంటి పెద్దావిడకు ఐదింటికి వడ్డించేవాళ్ళు. రోజా ఉన్న ఆడపిల్లలే వడ్డించేవాళ్ళు.

బేగంబజార్ కోడలు

పొద్దుటినుంచి నీళ్ళు కూడా తాగకుండా ఉండి, ఎదురుగా ఇంకొకరికి వడ్డించడం కష్టం కాదా?

యాకుత్‌పురా భాయ్

ఇంట్లో చిన్నపిల్లలకు, రోగాలున్న పెద్దవాళ్ళకు ఆ నెలంతా వండి వడ్డిస్తూనే ఉంటారు. ఆవిడ తిన్నాక అక్కడే కూర్చుని ఖర్జూరాలు పళ్ళేల్లో సర్దేవారు. అజాన్ అయ్యాక మా వాళ్ళకు అందించేది ఆవిడే.

బేగంబజార్ కోడలు

అత్తగారికి చదివి వినిపించాను. ఖర్జూరాలు ఎవరు కొంటారని అడుగుతున్నారు. ఆ నెలకి సరిపడా తనే బేగంబజార్ నుంచి తెప్పిస్తారట.

సైదాబాద్ టీచరమ్మ

తెప్పించమనండి. ఆవిడ పళ్ళెంలోకి ఏం వండాలో కూడా చెప్పండి, ఉల్లి, వెల్లుల్లి, దుంపలు వద్దని తెలుసు.

బేగంబజార్ కోడలు

పెసరపప్పు, బీరకాయ కూర, రెండు పుల్కాలు చాలు టీచర్ గారూ. మీరు బీరకాయ వండితే ఇంకొంచెం పెట్టించుకుంటారు.